సర్టిఫికెట్ ఎప్పుడిస్తారండీ?

(విజయవాడలో కౌన్సెలర్లు, సోషల్ వర్కర్ల కోసం ఒక ఆదివారం జరిగిన శిక్షణలో పొద్దుటి ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది. మాట్లాడిన తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలకి వినపడుతోందా? ఆ పక్క ఫ్యాన్ ఒకటి ఆపండి తమ్ముడూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి.

టిఫిన్ దగ్గర ముగ్గురు నన్ను ఒకటే ప్రశ్న అడిగారు. "మేడం, సర్టిఫికెట్ భోజనాలకి ముందిస్తారా, తర్వాతిస్తారా?" అని. ఒకాయన తెనాలి వెళ్లాలట, మధ్యాహ్నం రైలుందట, కుదిరితే ఆయనది ముందే ఇచ్చేయమన్నారు. (నవ్వులు) నవ్వకండి, నేనూ అలా అడిగినదాన్నే. మా ఇంట్లో బీరువా మీద ఒక ఫైలుంది, అందులో నా సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లలో వరసగా పెట్టుకున్నా. మొన్న సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే నెత్తిన పడింది. ఎటూ పడింది కదా అని అక్కడే స్టూలు మీద కూర్చుని లెక్కపెట్టా. 43 ఉన్నాయి. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, దీనివల్ల నా ఎదురుగా కూర్చున్న మనిషితో నేను మాట్లాడే మాట ఏమైనా మారిందా అని నన్ను నేను అడుక్కున్నా. మూడు తేలాయి. మిగతా నలభైలో నాకు గుర్తున్నవి భోజనంలో గోంగూర మటన్ పెట్టినవి రెండు, ఏసీ పనిచేయనిది ఒకటి.

అందులో ఒకదానికి నేను పదకొండు వేలు కట్టా. రెండు రోజుల కోర్సు. దాని మీద తాటికాయంత అక్షరాలతో "సర్టిఫైడ్ ట్రామా థెరపిస్ట్" అని ఉంది. శని, ఆదివారాలు కూర్చుంటే సోమవారానికి థెరపిస్టుని అయిపోయా. వాళ్ల పేరు చెప్పను, డబ్బు తీసుకెళ్లి ఇచ్చింది నేనే కదా. తర్వాత ఆరు నెలలు నా విజిటింగ్ కార్డు మీద కూడా వేయించుకున్నా. సిగ్గుపడాల్సిన సంగతే.

సరే, అసలు విషయం. మా పెద్దమ్మ మనవరాలు కాలిఫోర్నియాలో లైసెన్స్ ఉన్న క్లినికల్ సోషల్ వర్కర్. అక్కడ రెండేళ్లకోసారి లైసెన్స్ రెన్యువల్ చేయించుకోవాలంటే 36 గంటల శిక్షణ చూపించాలి, అందులో 6 గంటలు చట్టం, వృత్తి నీతి గురించే ఉండాలి. వినగానే మనకి, ఆహా, ఎంత పద్ధతో అనిపిస్తుంది. "పద్ధతి ఉంది పిన్నీ, కానీ సగం మంది వీడియో ఆన్ చేసి పక్కన పప్పు తాలింపు పెట్టుకుంటారు" అంది అది. అంటే గంటలు లెక్కపెట్టినంత మాత్రాన పని జరగదు అక్కడా ఇక్కడా. మన దగ్గర క్లినికల్ సైకాలజిస్టులకి రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఉంది, రిజిస్ట్రేషన్ కొనసాగాలంటే పాయింట్లు కావాలి. ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ, చేసిన మనకి చాలాకాలం అడిగే నాథుడే లేడు. 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం వచ్చింది, దాని షెడ్యూల్లో సైకాలజిస్టులతో పాటు సోషల్ వర్కర్లనీ, హెచ్ఐవీ కౌన్సెలర్లనీ కూడా చేర్చారు. ఇవాళ కాకపోతే రేపు మనకీ గంటలూ పాయింట్లూ వస్తాయి. వచ్చిన రోజున మళ్లీ ఇలాగే టిఫిన్ దగ్గర "ఎన్ని పాయింట్లు మేడం" అని అడుగుతారు. అందుకే అది రాకముందే, మనకి పని నిజంగా దేనివల్ల వస్తుందో మాట్లాడుకుందాం అని వచ్చా.

ఒక అధ్యయనం గురించి చెప్తా. 2004లో అమెరికాలో వచ్చింది. తాగుడు, మత్తుమందులు మాన్పించే పనిలో ఉన్న లైసెన్స్డ్ కౌన్సెలర్లు 140 మందిని తీసుకున్నారు. మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అని వినే ఉంటారు, మారాలన్న మాట ఎదుటి మనిషి నోటే వచ్చేలా మాట్లాడే పద్ధతి, అది నేర్పించారు. కొందరికి వర్క్‌షాప్ మాత్రమే, కొందరికి వర్క్‌షాప్ అయ్యాక వాళ్ల సెషన్ టేపు విని "ఇదిగో నువ్వు ఇలా మాట్లాడావు" అని చెప్పడం, కొందరికి ఫోన్‌లో కోచింగ్, కొందరికి రెండూ. వర్క్‌షాప్ పనికిరాలేదని కాదు, అందరూ కొంత నేర్చుకున్నారు. కానీ టేపు విని చెప్పించుకున్నవాళ్లు, కోచింగ్ దొరికినవాళ్లు ఇంకా పైకి వెళ్లారు. నన్ను కుదిపింది మాత్రం ఇది కాదు. వాళ్లందర్నీ "నీకు ఎంత బాగా వచ్చింది?" అని అడిగి రాయించుకున్నారు. టేపులో వినపడిన పనితనానికీ, వాళ్లు తమ గురించి రాసుకున్నదానికీ సంబంధమే లేదు. బాగా వచ్చింది అన్నవాళ్లకి బాగా వచ్చి ఉండొచ్చు, రాకపోయీ ఉండొచ్చు. మీరిప్పుడు సాయంత్రం ఫీడ్‌బ్యాక్ ఫారంలో "ఎక్సలెంట్" అని టిక్కు పెడతారు చూడండి, దాని విలువ అంతే.

ఇంకోటి కూడా. 2016లో వచ్చిన ఒక అధ్యయనంలో 170 మంది థెరపిస్టుల దగ్గరికి వచ్చిన ఆరువేల పైచిలుకు మంది ఫలితాలు ఏళ్ల తరబడి చూశారు. అనుభవం పెరిగేకొద్దీ ఫలితాలు మెరుగవుతాయనుకుంటాం కదా, సగటున అలా జరగలేదు. కాస్త తగ్గాయి కూడా, చాలా చాలా కొద్దిగా. కొందరు మెరుగయ్యారు, అది వేరే సంగతి. "నాకు ఇరవై ఏళ్ల అనుభవం ఉంది" అని నేను ఇక్కడ నిలబడి చెప్తే మీరు నమ్మాల్సిన పని లేదు. ఇరవై ఏళ్ల అనుభవం అవ్వొచ్చు, ఒక ఏడాది అనుభవాన్నే ఇరవైసార్లు తిప్పి ఉండొచ్చు కూడా.

నేను తిప్పిందేంటో చెప్తా. 2006 ప్రాంతంలో గుంటూరులో ఒక ఆస్పత్రిలో పనిచేసేదాన్ని. ఒకావిడ వచ్చింది. మిరపకాయలకి తొడిమలు తీసే పనికి వెళ్తుంది, చేతివేళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. ఇంటాయనది కౌలు సేద్యం, అప్పులు. ఊరు, వయసు చెప్పను. ఒంట్లో మంటలు, నిద్ర లేదు, తల బరువు అని జనరల్ ఓపీ నుంచి మా గదికి పంపారు. పది నిమిషాలు మాట్లాడా. మధ్యలో ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని "ఇంక ఎందుకమ్మా ఇదంతా" అంది. నేనేమన్నానో తెలుసా? "అలా అనకూడదమ్మా, పిల్లలున్నారు కదా, వాళ్ల మొహం చూసి ధైర్యం తెచ్చుకోవాలి." ఆవిడ "అవునమ్మా" అంది. నేను రిజిస్టర్‌లో "కౌన్సెలింగ్ ఇవ్వడమైనది" అని రాసి సంతకం పెట్టా. ఆవిడ మళ్లీ రాలేదు.

తర్వాత ఏడాదికి, ఒక పెద్దావిడ దగ్గర సూపర్‌విజన్‌కి వెళ్లడం మొదలుపెట్టా, అంటే మన కేసుల్ని అనుభవమున్నవాళ్లకి చూపించి సరిదిద్దుకోవడం. రిటైరైన సైకియాట్రిక్ సోషల్ వర్కర్. ఆవిడ పద్ధతేంటంటే, కేసు గురించి నువ్వు అనుకున్నది చెప్పకు, వాళ్లన్నది వాళ్ల మాటల్లో, నువ్వన్నది నీ మాటల్లో, నాటకం రాసినట్టు రాసుకురా అనేది. నాకు బాగా గుర్తున్న సెషన్ అని ఇదే రాసుకెళ్లా. గొప్పగా ధైర్యం చెప్పానని లోపల కాస్త గర్వం కూడా ఉంది. ఆవిడ చదివి, కళ్లజోడు తీసి, ఆ వాక్యం మీద వేలు పెట్టి అడిగింది: "ఇదంతా అంటే ఏది?"

నాకు అర్థం కాలేదు. "ఇంక ఎందుకు ఇదంతా అంది కదమ్మా. ఏది? ఈ మందులా? ఆస్పత్రికి తిరగడమా? ఆయనతో కాపరమా? బతకడమా?" నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నేను అడగలేదు. ఆవిడ నాలుగింటిలో ఏదో ఒకటి చెప్పబోయి ఉంటుంది, నేను పిల్లల్ని అడ్డం పెట్టా. ఆవిడేమైందో ఇవాళ్టికీ నాకు తెలీదు.

నా 43లో ఆ మధ్యాహ్నం లేదు. దానికెవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు. కానీ అక్కణ్ణుంచి "ఇదంతా", "అదే", "ఏదోలా", "ఏం చెప్పమంటారు" లాంటి మాట ఎవరి నోట విన్నా నా చెయ్యి ఆగిపోతుంది. మన తెలుగులో బాధంతా ఈ చిన్న మాటల్లోనే దాక్కుంటుంది. డిప్రెషన్ అని ఎవరు చెప్తారు మనకి? గుబులుగా ఉంది, దిగులేస్తోంది, బెంగ పెట్టుకుంది, ఆలోచనలు ఎక్కువయ్యాయి, నరాల వీక్‌నెస్, గుండెల్లో దడ, గ్యాస్ పైకి తంతోంది. ఇవన్నీ ఒకటి కాదు. బెంగ ఒక మనిషి గురించో ఒక చోటు గురించో పెట్టుకుంటారు. హాస్టల్‌లో వేసిన పిల్లాడికి అమ్మ మీద బెంగ ఉంటుంది. గుబులు రాబోయేదాని గురించి. దిగులుకి కారణం చెప్పగలగాలని లేదు. మనం మూడింటికీ కలిపి ఇంగ్లిష్‌లో ఒక ముక్క రాసేస్తాం. మనకి నేర్పిందంతా ఇంగ్లిష్‌లో, మనం పని చేసేదంతా తెలుగులో, మధ్యలో పోయేది ఎంతో ఎవరూ లెక్క చూడరు.

పీహెచ్‌క్యూ-9 వాడతాం కదా అందరం, డిప్రెషన్ ఎంతుందో చూసే ఫారం. తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. మంచి సాధనం, నేను కాదనను. కానీ మొదటి ప్రశ్న ఉంది చూడండి, పనుల మీద ఆసక్తి, సంతోషం తగ్గాయా అని. మా దగ్గర ట్రైనింగ్‌లో ఉన్న అమ్మాయి దాన్ని ఉన్నదున్నట్టు చదివి ఒక పెద్దావిణ్ణి అడిగింది. ఆవిడ ఎగాదిగా చూసి, "ఆసక్తేంటమ్మా, కూలి దొరికితే వెళ్తా, లేకపోతే పడుకుంటా" అంది. ఈ అమ్మాయి సున్నా వేసింది! తర్వాత నేను ఊరికే మాటల్లో, "మనవడొస్తే ఎత్తుకుంటున్నారా? సీరియల్ చూస్తున్నారా?" అని అడిగితే, "వాడి ఏడుపు వింటే చిరాకమ్మా, టీవీ పెట్టి రెండు నెలలయింది" అంది. ఫారంలో ఉన్న వాక్యాన్ని మార్చమని కాదు నేననేది, మారిస్తే స్కోరుకి అర్థం ఉండదు. కానీ ఆ వాక్యం అవతలి మనిషికి చేరిందో లేదో చూసుకోవడం మన పని. ఇది ఏ వర్క్‌షాప్‌లోనూ రాదు, ఆ అమ్మాయి పక్కన ఇంకొకరు కూర్చుని వింటేనే తెలుస్తుంది.

ఇప్పుడు చిన్న పని చెప్తా, అందరూ చెయ్యాలి. చనిపోవాలన్న ఆలోచన ఉందేమో అని ఎదుటి మనిషిని అడగాలి. ఎలా అడుగుతారో పెద్దగా చెప్పండి. ముందు వరస అమ్మా, మీరు.

(సభలోంచి: "మీకు అలాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదా?")

చూశారా? తప్పు పట్టట్లేదమ్మా, ఈ హాల్లో పదిమందిని అడిగితే ఎనిమిది మంది ఇదే అంటారు, డాక్టర్లు కూడా. "లేవు కదా" అన్నాక ఎవరైనా "ఉన్నాయండీ" అంటారా? మన భాషలో "కదా" అంటే నాకు జవాబు ముందే తెలుసు, నువ్వు తలూపితే చాలు అని. పైగా "పిచ్చి" అని ముందే ముద్ర వేశాం. భోజనం చేశారు కదా అంటే ఎంత ఆకలేస్తున్నా "ఆ, చేశాం" అంటామే, అలాగే ఇది కూడా. అడగడం వల్ల లేని ఆలోచన పుడుతుందేమో అని భయం. అలా పుట్టదని పరిశోధనలు చెప్తున్నాయి, అడిగితే చాలామందికి బరువు దిగుతుంది. కాబట్టి తిన్నగా అడగాలి. "ఇంత కష్టంలో ఉన్నప్పుడు కొంతమందికి చచ్చిపోతే బాగుండు అనిపిస్తుంది. మీకు అలా అనిపిస్తోందా?" ఇది ఇప్పుడు పక్కవాళ్ల కళ్లలోకి చూసి చెప్పండి. చెప్పండి, సిగ్గేం లేదు.

(హాల్లో మాటలు.)

ఆగండి. మీలో సగం మందికి "చచ్చిపోతే" దగ్గరికి వచ్చేసరికి గొంతు దిగిపోయింది. ఇక్కడ ఈ హాల్లో స్నేహితురాలి ముందే గొంతు దిగితే, రేపు నిజంగా ఒకాయన ఎదురుగా కూర్చున్నప్పుడు ఏమవుతుంది? అందుకే ఇంట్లో అద్దం ముందు నిలబడి పాతికసార్లు అనండి. మా వారు మొదట్లో కంగారుపడి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు, ఇప్పుడు పట్టించుకోరు. (నవ్వులు) జవాబు "అనిపిస్తోంది" అని వస్తే ఏం చెయ్యాలో మధ్యాహ్నం విడిగా చూస్తాం. ఒక్క ముక్క ఇప్పుడే చెప్తా: "ఏమీ చేసుకోనని నాకు మాటివ్వండి" అని ఒట్టు వేయించుకోవడం ఒకప్పుడు నేర్పారు, నేనూ పిల్లల మీద ఒట్లు వేయించా. అది పనిచేస్తుందనడానికి ఆధారాల్లేవు. ఇప్పుడు చేసేది సేఫ్టీ ప్లానింగ్: ఏది మొదలైతే పరిస్థితి చేయి దాటుతోందని తెలుస్తుంది, అప్పుడు ఎవరి దగ్గరికి వెళ్తావు, ఎవరికి ఫోన్ చేస్తావు, ఇంట్లో ప్రమాదం తెచ్చేవి ఏమున్నాయి, వాటి తాళం ఎవరి దగ్గర ఉండాలి. ఇది వాళ్ల మాటల్లో, వాళ్ల చేత్తో రాయించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 దాని మీద తప్పకుండా ఉండాలి. ఏ వేళైనా పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

నేర్చుకున్నదాన్ని మర్చిపోవడం కూడా నేర్చుకోవడమే, అందులో నాకు బాగా కష్టమైంది ఇంకోటుంది. సునామీ వచ్చింది 2004 డిసెంబర్ 26న. ఆ తర్వాత కృష్ణా తీరంలో పల్లెకారుల ఊళ్లకి వెళ్లే ముందు మాకు డీబ్రీఫింగ్ నేర్పారు. అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఏం చూశావు, అప్పుడేమనిపించింది అని ఒక్కొక్కళ్ల చేత చెప్పించడం. మేం చేశాం. జనం ఏడ్చారు, మేమూ ఏడ్చాం, ఏదో గొప్ప పని చేసినట్టే అనిపించింది. తీరా చూస్తే అప్పటికే పరిశోధనలు వేరేగా చెప్తున్నాయి. అలా ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించడం వల్ల తర్వాత వచ్చే పీటీఎస్డీ, అంటే ఆ ఘటన మనసుని వదలకుండా వేధించే జబ్బు, ఆగదు, కొందరికి ఇంకా ఎక్కువ చేటు జరగొచ్చు అని. మాకు నేర్పినవాళ్లకి ఆ సంగతి చేరలేదు, మాకు చేరడానికి ఇంకో ఏడెనిమిదేళ్లు పట్టింది.

ఇరవై ఏళ్ల తర్వాత, 2024 సెప్టెంబర్‌లో ఇక్కడ బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ మునిగాయి. మీలో చాలామంది అక్కడ ఉన్నారు, కొందరి ఇళ్లే మునిగాయి. నేను మూడో రోజు వెళ్లా. ఒక శిబిరంలో కుర్ర కౌన్సెలర్లు, మంచి పిల్లలే, ఆడవాళ్లని గుండ్రంగా కూర్చోబెట్టి అదే పని మొదలుపెట్టారు. ఒకావిడ మాట మధ్యలో లేచి, "నీళ్ల ట్యాంకర్ వచ్చింది, బిందె పెట్టాలి" అని వెళ్లిపోయింది. ఆ ఒక్క మాటలో ఉంది అసలు పాఠం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ పుస్తకం వేసింది, దాని సారం మూడు పనులు: చూడు, విను, కలుపు. ఎవరికి ఏం కావాలో చూడు, చెప్తే విను, చెప్పమని ఒత్తిడి చెయ్యకు, కావాల్సినదానితో కలుపు. ఆ రోజు నేను చేసిన మంచి కౌన్సెలింగ్ ఏంటంటే, ఒక పెద్దాయన తడిసిపోయిన ఆధార్ కార్డూ ఇంటి కాగితాలూ పట్టుకుని వణుకుతుంటే, వాటిని న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి ఆరబెట్టడం. గంట సేపు ఇద్దరం కాగితాలు తిప్పాం. ఆయన మధ్యలో తనంతట తనే చెప్పాడు, మేడ మీద రెండు రాత్రుళ్లు మనవరాలితో ఎలా ఉన్నాడో. నేను అడగలేదు.

చట్టం గురించి ఎక్కువ చెప్పను, లాయరు గారు మధ్యాహ్నం వస్తున్నారు. కానీ మనం రోజూ నోటికొచ్చినట్టు చెప్పే ఒక అబద్ధం ఉంది: "ఇక్కడ చెప్పింది ఈ గది దాటదు, నేనెవరికీ చెప్పను." పోక్సో చట్టం 2012లో వచ్చింది. పద్ధెనిమిది నిండని పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో. అందులో కౌన్సెలర్‌కి మినహాయింపు లేదు. పదిహేడేళ్ల ఇంటర్ పిల్ల మనల్ని నమ్మి, ఎవరికీ చెప్పనన్నారు కదా మేడం అని నోరు విప్పిన తర్వాత, "అమ్మా, ఇది మాత్రం చెప్పాలి" అంటే ఆ పిల్ల జన్మలో ఇంకో పెద్దమనిషిని నమ్ముతుందా? హద్దులు మొదటి ఐదు నిమిషాల్లోనే చెప్పాలి, ఆ పిల్ల ఏదీ చెప్పకముందే. ఎమ్మెస్‌డబ్ల్యూ పాతికేళ్ల కింద చేసినవాళ్లం ఇది కాలేజీలో చదువుకోలేదు, ఎందుకంటే అప్పటికి చట్టమే లేదు. అలాగే ఆత్మహత్యాయత్నం నేరం అని చదువుకున్నాం, ఐపీసీ 309వ సెక్షన్ అని. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అంది. 2024 జూలై 1న ఐపీసీ బదులు భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక ఆ పాత సెక్షనే లేకుండా పోయింది. ఇప్పటికీ కొందరు మనవాళ్లే కుటుంబాలకి "పోలీస్ కేసవుతుంది, యాక్సిడెంట్ అని రాయించుకోండి" అని సలహా ఇస్తున్నారు. దానితో వైద్యం కూడా తప్పుదారి పడుతుంది.

ఇంకో మాట, ఇది నా కోపం. వాట్సాప్ గ్రూపుల్లో కేసులు పెట్టడం ఆపండి. పేరు తీసేశాం కదా అంటారు. "పొన్నూరు పక్క ఊరు, ఆర్ఎంపీ గారి రెండో కోడలు, టీచరు" అని రాస్తే ఇంక పేరెందుకు? ఆ గ్రూపులో 180 మంది ఉంటే అందులో ఆవిడ ఆడపడుచు కూడా ఉండొచ్చు, మన జిల్లా ఎంత చిన్నదో మీకు తెలీదా. ఆ 2017 మానసిక ఆరోగ్య చట్టంలో 23వ సెక్షన్ గోప్యత హక్కు గురించే.

మరి ఏం చెయ్యాలి అంటారు. గుంటూరు బ్రాడీపేటలో మేం ఐదుగురం ఉన్నాం. ఒక స్కూల్ కౌన్సెలరు, ఒక ఐసీటీసీ (హెచ్ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రం) కౌన్సెలరు, ఒక క్లినికల్ సైకాలజిస్టు, డీఎడిక్షన్ సెంటర్లో చేసే ఒక తమ్ముడు, నేను. నెలకి రెండు శనివారాలు, సాయంత్రం నాలుగింటికి, మా ఇంటి ముందు గదిలో. వంతుల వారీగా ఒకళ్లు ఐదు నిమిషాల ముక్క తెస్తారు. క్లయింట్ రాసి ఒప్పుకుంటే రికార్డింగ్, లేకపోతే సెషన్ అవగానే గుర్తున్నంత మేరకు మాటకి మాట రాసింది. పేరు, ఊరు, వృత్తి మార్చేసి. గంట సేపు ఆ ఐదు నిమిషాల గురించే. తెచ్చినవాళ్లు ముందు చెప్పాలి, తమకి ఏం తెలుసుకోవాలనుందో. మిగతావాళ్లు "నేనైతేనా..." అని మొదలుపెట్టకూడదు, పెడితే తర్వాతిసారి పునుగులు వాళ్లే తేవాలి. అలా రూల్ పెట్టకముందు మూడు నెలలు అందరం సలహాలే ఇచ్చుకున్నాం, క్లయింట్లకి ఇచ్చినట్టే! మొదటిసారి నా గొంతు నేను విన్నప్పుడు చెవులు మూసుకోవాలనిపించింది. ఐదు నిమిషాల్లో మూడు నిమిషాల పైన నేనే మాట్లాడుతున్నా. వాళ్ల మాట పూర్తి కాకముందే "ఊ ఊ ఊ" అని తరుముతున్నా, బస్సు కండక్టర్ "రైట్ రైట్" అన్నట్టు. ఎవరూ నన్ను ఉతికి ఆరెయ్యలేదు. ఐసీటీసీలో చేసే అమ్మాయి మాత్రం "అక్కా, ఆయన 'ఇంట్లో సంగతి' అని ఆగాడు, అక్కడ వెనక్కి తిప్పి ఇంకోసారి విందాం" అంది. అంతే.

దీనికి ఖర్చు టీ, పునుగులు. కోర్సులు వద్దని నేననట్లేదు. బెంగళూరు మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ల డిజిటల్ అకాడమీ కోర్సులు చేయండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిపి పెట్టిన ఈక్విప్‌లో రోల్‌ప్లే చూసి మార్కులు వేసే పద్ధతి ఉంది, అది బాగుంటుంది. అక్కడ నేర్చుకున్నది ఈ శనివారం గదిలోకి తెచ్చుకుంటే నిలుస్తుంది. 2025 జూలైలో సుప్రీంకోర్టు మన రాష్ట్రంలో జరిగిన ఒక విద్యార్థిని మరణం కేసులోనే, వందమంది గానీ అంతకంటే ఎక్కువ గానీ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్నో పెట్టాలని చెప్పింది. అంటే ఈ బెజవాడ, గుంటూరు కాలేజీ హాస్టళ్లలో ఇంకా చాలామంది కొత్త పిల్లలు ఉద్యోగంలోకి వస్తారు. ఇరవై మూడేళ్ల అమ్మాయిని ఒక గదిలో కూర్చోబెట్టి, ఎనిమిది వందల మంది పిల్లల్ని అప్పగిస్తారు. ఆ అమ్మాయికి రాత్రి పది గంటలకి ఫోన్ చెయ్యడానికి ఎవరున్నారు? ఆ నంబరు మీది కావచ్చా? అది ఈ రోజు ఎవరైనా ఒప్పుకుంటే పేరు రాసి వెళ్లండి, రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కాగితం పెట్టించా.

టైమ్ అయిపోయిందని చూపిస్తున్నారు. అయినా ఐదు నిమిషాలు తీసుకుంటా, టీ ఇంకా రాలేదు. కాగితం, పెన్ను తీయండి. మీరు ఈ వారంలో చేసిన ఏదో ఒక సెషన్లోంచి పది లైన్లు, వాళ్లన్నది, మీరన్నది, నాటకంలా. పేరు, ఊరు వద్దు. గుర్తు రాకపోతే గుర్తు రావట్లేదని రాయండి, కల్పించి రాయకండి. రాశాక పక్కవాళ్లకి ఇవ్వండి, వాళ్లు ఒక్క లైను మీదే వేలు పెట్టాలి, ఒక్క ప్రశ్నే అడగాలి. తెనాలి వెళ్లే అన్నగారూ, మీ సర్టిఫికెట్ నా దగ్గరే ఉంది, రాసి చూపించి పట్టుకెళ్లండి. (నవ్వులు) కాదు, ముందు మనిద్దరం అందరి ముందూ చేద్దాం, రండి, ఆ కుర్చీ ఇటు తిప్పుకోండి. నేను ఆ మిరపకాయల ఆవిణ్ణి. కొంగుతో మొహం తుడుచుకున్నా. "ఇంక ఎందుకండీ ఇదంతా" అన్నా. ఇప్పుడు మీరేమంటారు?